సర్కారు భూమి చేతులు మాఱినపుడు

ఒక ప్రభుత్వపు భూమి మఱియొక ప్రభుత్వమునకు చెందుటకు విక్రయ దస్తావేజు అక్కఱలేదు. శాసనములో ఒక్క సెక్షను చాలును. ఇది మనవారికి క్రొత్త సంగతి కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. ఊళ్లు కదలలేదు, ఊళ్లలోని సర్కారు స్థలములకు మాత్రము యజమాని మాఱెను.

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టమునను ఇదే పద్ధతి కానవచ్చును. 48వ సెక్షను ననుసరించి, తెలంగాణలోని ప్రభుత్వ భూములు ఆ సంవత్సరము జూన్ 2వ తేదీననే తెలంగాణకు చెందినవి. తక్కినవి ఆంధ్రప్రదేశ్‌కు నిలిచినవి. రాష్ట్రమునకు వెలుపలనున్న ఆస్తులను మాత్రము జనాభా నిష్పత్తిని పంచుకొనవలెనని విధించిరి. ఆ పంపకము తేలుట కష్టమైనది. ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్‌కు చెందిన సుమారు 19.78 ఎకరముల విభజనకు కేంద్రము 2024 మార్చిలోగాని ఆమోదము తెలుపలేదు. శాసనబలముగల రెండు ప్రభుత్వములకే పదేండ్లు పట్టినచో, సర్కారు స్థలములో పాఠశాలయో గ్రంథాలయమో నడుపుకొను చిన్న సంఘము గతి యేమి?

దీనికి సమాధానము ఆ చట్టమునందే కొంత కలదు. పాత రాష్ట్రము చేసికొన్న ఒప్పందములు వారసులైన రాష్ట్రములకు సంక్రమించునని అందు వ్రాసిరి. అనగా కాగితముపై నున్న కౌలు యజమానితోపాటు సాగివచ్చును. ఒకనాటి అధికారి దయతో నిచ్చిన నోటిమాటను ఏ సెక్షనును మోయదు. రాష్ట్రములు విడిపోవునపుడే కాదు, ఒక శాఖ భూమిని పురపాలక సంఘమునకో గృహనిర్మాణ మండలికో అప్పగించునపుడును ఈ చిక్కే యెదురగును.

భూమిని ప్రజాహితమునకై మార్చుకొను అధికారము ప్రభుత్వములకు కలదు. దానిని మేము కాదనము. కాని అట్టి శాసనము చేయునపుడు, ఆ స్థలమును వాడుకొనుచున్నవారికి ముందుగా తెలుపవలెను. అచ్చట నడచుచున్న విద్యాసంస్థలకు రక్షణ కల్పించు నిబంధన నొకదానిని చేర్చవలెను. ఇది మేము కోరు న్యాయము.

మనవారు చేయవలసినదియు కలదు. మన పాఠశాలలు, గ్రంథాలయములు, సత్రములు ఏ సర్వే నెంబరులో నున్నవో, ఆ స్థలము నేడు ఏ శాఖ పేర నున్నదో, కౌలు ఉత్తరువు ఎచ్చట నున్నదో ప్రతి శాఖాసంఘమును పట్టిక వ్రాయవలెను. ఉత్తరువు లేనిచోట ఇప్పుడే అర్జీ పెట్టుకొనవలెను. పద్దు లేని బాకీ అంగడిలో చెల్లదని మనలో వర్తకులందఱెఱుగుదురు. స్థలము విషయమునను అంతే. యజమాని మాఱిన పిమ్మట కాగితము వెదకుటకన్న, మాఱక మునుపే భద్రపఱచుకొనుట మేలు.