గణాంకాల పాఠం పొలం గట్టునే ఉంది

పరీక్షలో సగటు కట్టమంటే పల్లె పిల్లలు ఇట్టే కట్టేస్తారు. ఆ సగటే ఒక్కోసారి తమ ఇంటికి నష్టపరిహారం వచ్చేదీ రానిదీ తేలుస్తుందని మాత్రం వారికి చెప్పేవారు తక్కువ.

కోతల వేళ ప్రభుత్వ సిబ్బంది గ్రామాల్లో పంట కోత ప్రయోగాలు జరుపుతారు. ఏ పొలం కోయాలన్నది ఎవరి ఇష్టం మీదా ఆధారపడకూడదు. యాదృచ్ఛిక సంఖ్యలను బట్టి పొలం తేలాలి. వరి అయితే సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల గడి కొలిచి, కోసి, నూర్చి, గింజలు తూస్తారు. ఆ 25 చదరపు మీటర్ల దిగుబడిని 400తో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి వస్తుంది. గడిలో 12 కిలోలు పండితే హెక్టారుకు 4,800 కిలోలు. తూకంలో ఒక్క కిలో తేడా పడితే లెక్కలో 400 కిలోల తేడా!

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం ప్రధాన పంటలకు గ్రామాన్నే యూనిట్‌గా తీసుకోవాలని చెప్పింది. వడగళ్లు, ముంపు వంటి నష్టాలకు వేరే నిబంధనలున్నా, మామూలుగా దిగుబడి తగ్గినప్పుడు ఊరి సగటే కొలబద్ద. ఉదాహరణకు చెరువు కింద ఎకరాకు 30 బస్తాలు, అంతే విస్తీర్ణం గల మెరకలో 10 బస్తాలు పండాయనుకుందాం. సగటు 20. హామీ దిగుబడి 18 బస్తాలైతే మెరక రైతుకు పైసా రాదు. ఇది లెక్క తప్పు కాదు, సగటు స్వభావమే అంత.

అందుకే గడి ఎక్కడ వేశారన్నది ముఖ్యం. పరువు కోసం ఏపైన మడి చూపించేవాడు ఊరి పరిహారం పోగొడతాడు. పరిహారం కోసం తాలు మడి చూపించేవాడు లెక్క మీదే నమ్మకం పోగొడతాడు. కంటి అంచనాలోని ఇటువంటి దోషాలు తొలగాలనే 1940లలో పాన్సే, సుఖాత్మే వంటి శాస్త్రజ్ఞులు యాదృచ్ఛిక ఎంపికతో కోత ప్రయోగాలను ప్రచారంలోకి తెచ్చారు. ఎంపికలో మనిషి చేయి పెడితే వారి శ్రమంతా వృథాయే.

కోత తేదీని ముందుగా చాటింపు వేయించాలి. తూకాన్ని అదే రోజు పంచాయతీ బోర్డు మీద రాయాలి. హైస్కూలు పిల్లలను గట్టు మీదికి తీసుకెళ్లి, ఆ లెక్క వారిచేతే కట్టించాలి. ఇందుకు ఖర్చేమీ లేదు. ఒక ఉపాధ్యాయుని పూనిక, సర్పంచి మాట సాయం చాలు. కాటా ముందు నిలబడి నేర్చిన సగటును ఏ విద్యార్థీ మరచిపోడు. పదిమంది కళ్లెదుట వేసిన తూకాన్ని మార్చడానికి ఎవరికీ చేతులు రావు.