తైలం వాసనా, కొలెస్టరాల్ మాత్రా

కాకినాడ రామారావుపేట నుంచి ఒక సోదరి యిలా వ్రాశారు: “మావారికి అరవై దాటాయి. కొలెస్టరాల్ తగ్గటానికి అటార్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటున్నారు. మా కోడలు సువాసన తైలాలు తెప్పించింది. అవి మాత్రకు అడ్డం వస్తాయా? ఈమధ్య తొడలు లాగేస్తున్నాయంటున్నారు. ఆ తైలంతోనే మర్దనా చేయవచ్చా?”

అమ్మా, మీ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. అయినా మొదటిది ముందు చెప్పేస్తాను.

తైలాల వైద్యం మనకు కొత్త కాదు. జలుబుకు నీలగిరి తైలం, పంటినొప్పికి లవంగనూనె మన అమ్మమ్మలూ వాడారు. ‘అరోమాథెరపీ’ అన్న పేరు మాత్రం ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు గాట్‌ఫోసె 1937లో తన పుస్తకానికి పెట్టినది. వాసన చూస్తే ఒంట్లోకి పోయేది బహుస్వల్పం. కిటికీ తెరచి, గదిలో రెండు మూడు చుక్కలు వేసుకుంటే మాత్రకు వచ్చే ముప్పు లేదు. ఉబ్బసం వున్నవారికీ, పసిపిల్లలున్న గదిలోనూ అదీ వద్దు. నోట్లో వేసుకోవటం మాత్రం ఎవరికీ కూడదు. నీలగిరి తైలం ఒక చెంచాడు కడుపులో పడితే పసివాడికి ఫిట్లు రావచ్చు. సీసా బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఇక తొడల నొప్పి. స్టాటిన్ మాత్రలు కొందరికి కండరాల నొప్పులు తెస్తాయి. చాలామందికి అది స్వల్పమే. నొప్పికి వేరే కారణం వుండటమూ కద్దు. కాని బహు అరుదుగా కండరమే దెబ్బతిని, అందులోని పదార్థం మూత్రపిండాల మీద పడుతుంది. తైలం రాస్తే చల్లగా వుంటుంది, నొప్పి మరుగున పడుతుంది, కారణం మాత్రం అల్లాగే వుంటుంది. అంచేత ముందు డాక్టరుగారికి చెప్పండి. ఒక రక్తపరీక్షతో కండరం సంగతి తెలుస్తుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, లేవలేనంత నీరసం వచ్చినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. అంతటి లక్షణం లేనప్పుడు మాత్ర మీ అంతట మీరు మాన్పించకండి.

డాక్టరుగారు సరేనన్న తర్వాత మర్దనా చేయదలిస్తే, టీ చెంచాడు నువ్వులనూనెలో రెండు చుక్కలు చాలు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ గూడా వేసుకుంటున్నారేమో చూడండి. గంధపుర తైలంలో వున్నది ఆస్పిరిన్‌కు చుట్టమే. చర్మం గుండా రక్తంలో కలుస్తుంది. అది కలిసిన నొప్పి మందులు పదేపదే రాస్తే వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం కావచ్చు. డబ్బా మీది అక్షరాలు చదివి గాని కొనవద్దు.

మీరడగని సంగతి ఒకటి. ‘గ్రేప్‌ఫ్రూట్’ అనే పండురసం పేగుల్లో ఒక ఎంజైమును అడ్డగించి, అటార్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ మాత్రల్ని రక్తంలో మోతాదు మించనిస్తుంది. దాని తైలం వాసన చూస్తే ఆ బాధ లేదు. కాని మనం వినాయకచవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస దాని జ్ఞాతే. అదే గుణం వుండవచ్చు. పూజ చేసుకోండి, తినే ముందు డాక్టరుగారిని అడగండి. రోసువాస్టాటిన్‌కు యీ చిక్కు లేదు.

ఈసారి వెళ్లేటప్పుడు మావారి మాత్రలన్నీ, కోడలు తెప్పించిన సీసాలూ ఒకే సంచిలో వేసి డాక్టరుగారి బల్లమీద పెట్టమని మీ వారితో చెప్పండి.