పీఠం తీసి కొలవండి!

మొన్నొక ఆదివారం తార్నాక మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి కాడ మా బళ్లో చదివిన పిల్లగాడు కనబడ్డాడు. ఉస్మానియాలో పీజీ అయిపోయింది, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. చంకలో జీకే పుస్తకం. దేశంలో ఎత్తైన కట్టడాల జాబితా తెరిచి నా ముందు పెట్టాడు.

"సార్, ఈ లెక్క కుదుర్తలేదు. ముచ్చింతల్ల రామానుజుడు 216 అడుగులని ఉంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మన బాబాసాహెబ్ 125. విజయవాడ బాబాసాహెబ్ ఒక పుస్తకంల 125, ఇంకో పుస్తకంల 206. ఏది రాస్తే మార్కొస్తది?"

నడుస్తూ మాట్లాడుకుందాం పద అని క్యాంపస్ దారి పట్టాం. ఆ రోజు వానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఇది ఒక్క మార్కు ముచ్చట కాదు.

ఎత్తులు కొలిచేవాళ్లు ముందు తరగతులు చేస్తారు. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర నౌకాదళం రేడియో స్తంభం 471 మీటర్లు. కానీ అది తనంతట తాను నిలబడదు. చుట్టూ ఇనుప తీగలు లాగి భూమికి కట్టాలి. అందుకని దాన్ని వేరే తరగతిలో పెడతారు. రామేశ్వరం టీవీ టవర్ 323 మీటర్లు, అది తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. మనుషులుండే భవనాలు ఒక తరగతి, థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు ఇంకో తరగతి, విగ్రహాలు మరో తరగతి. విగ్రహాల్లో మళ్లీ నిలబడ్డవి వేరు, కూర్చున్నవి వేరు. ఇదంతా న్యాయమే.

తిరకాసు పీఠం కాడ మొదలవుతుంది. 2018లో గుజరాత్‌లో నిలబెట్టిన పటేల్ విగ్రహం 182 మీటర్లంటాం. పీఠం కలిపితే 240. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన రామానుజ విగ్రహం 108 అడుగులే. కింద పద్మం, వేదిక కలిస్తేనే 216. అంటే సగానికి సగం పీఠమే! హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన బాబాసాహెబ్ విగ్రహం 125 అడుగులు, పీఠం 50, మొత్తం 175. విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించింది కూడా 125 అడుగులే. పీఠం 81 కాబట్టి 206 అయింది. మనిషి అదే మనిషి, ఎత్తు అదే ఎత్తు. కింద కట్టిన దిమ్మె మారితే జాబితాలో నెంబరు మారింది.

పీఠాలు కలిపి కొలిస్తే రామానుజుడు హైదరాబాద్ అంబేడ్కర్ కంటే 41 అడుగులు ఎక్కువ. పీఠాలు తీసి కొలిస్తే 17 అడుగులు తక్కువ. ఇద్దరిలో ఎవరు పెద్ద అని నేను పంచాయితీ పెడతలేను. ఒకరు కూర్చున్నారు, ఒకరు నిలబడ్డారు. నేనడిగేది కొలబద్ద గురించి.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాక పిల్లగాడిని ఒక మాట అడిగాను. "విగ్రహానికి పీఠం తీసి ఒక లెక్క, కలిపి ఒక లెక్క ఉందిగదా. మరి మనిషికి పీఠం తీసి కొలిచే లెక్క ఈ యూనివర్సిటీలో ఎక్కడన్నా ఉందా?"

ఈ దేశంలో మెరిట్ అని దేన్ని పిలుస్తున్నారు? తాత పట్వారీగిరి, తండ్రి ఆఫీసరుగిరి, ఇంగ్లీషు మీడియం, లక్షల ఫీజు కోచింగు, వేళకు అన్నం పెట్టే ఇల్లు, ఇన్ని దిమ్మెల మీద ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి తలకాయ కాడ టేపు పెడతారు. పక్కన కూలి తల్లి బిడ్డ నిలబడేది నేల మీద కూడా కాదు, గుంతలో. ఆ గుంతలోంచి కూడా వాడి తలకాయ పైకి కనబడుతుంటే, "నీకు పది మార్కులు తక్కువ" అంటారు. ఆ పది మార్కులు ఎవరివి? పిల్లవాడివా, పీఠానివా?

1990లో మండల్ సిఫారసులు అమలు చేస్తామనగానే దేశమంతటా అగ్రకుల విద్యార్థులు రోడ్లెక్కారు. బూట్లు పాలిష్ చేసి, చీపుర్లు పట్టి నిరసన తెలిపారు. మన తల్లులు రోజూ చేసే పని వాళ్లకు నిరసన అయింది! మెరిట్ చచ్చిపోతుందని ఏడ్చినవాళ్లకు, 2019లో అగ్రకుల పేదల పేరు మీద పది శాతం వచ్చినప్పుడు ఆ ఏడుపు ఎటు పోయింది? ఆ పది శాతంలో మన పేదలకు చోటు లేదు. పేదరికానికి కూడా కులం చూసి పీఠం వేసిన దేశం ఇది.

ఇంకో సంగతి. జాబితాలో ఎత్తు ఉంటుంది, ఎత్తినవాళ్లుండరు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు 58 అడుగులని పిల్లలకు బట్టీ పట్టిస్తాం. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తీసుకుపోయే బార్జి మునిగి పనివాళ్లు నీళ్లలో ప్రాణాలు విడిచారనీ, విగ్రహం మళ్లీ పైకి వచ్చింది 1992లోననీ ఎంతమందికి చెబుతున్నాం? నేను కూడా చాలా ఏళ్లు చెప్పలేదు. తప్పు నాది కూడా.

మిత్రులారా, మనల్ని కూడా కొలుచుకోవాలె. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీని. నా కింద ఏ దిమ్మే లేదు. కానీ నా కొడుకు కింద ఇవాళ నా జీతముంది, ఇంట్లో పుస్తకాలున్నాయి. మా వాడలోనే పత్తి ఏరబోయే తల్లి బిడ్డకు అవి లేవు. ఇద్దరిదీ ఒకటే కేటగిరీ అని నేను గమ్మున కూర్చుంటే, అగ్రకులపోడు నాకు చేసిందే నేను వాళ్లకు చేసినట్టు. 1994 నుంచి దండోరా అడిగింది ఇదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలవుతున్నది. దాన్ని చూసి మాలలు, మాదిగలు కొట్లాడుకోవాలని కాచుకున్నోళ్లున్నారు. మన పీఠాలు మనమే లెక్కగట్టుకుంటే వాళ్ల పాచిక పారదు.

"విగ్రహానికి అంత ఖర్చెందుకు, బడి కట్టొచ్చుగదా" అనే పెద్దమనుషులకు ఒక్క మాట. గుళ్లకూ గోపురాలకూ అడగని లెక్క మన దగ్గరికి రాగానే గుర్తొస్తే, అది బడి మీద ప్రేమ కాదు. ఊరూరా చూపుడువేలు విగ్రహం కోసం మనోళ్లు దెబ్బలు తిన్నారు, కేసులు మోశారు. 125 అడుగులు మనకు ఎక్కువ కాదు. అయితే ఏలినవారికి కూడా ఒక్క మాట. విగ్రహం ఆకాశంలో, స్కాలర్‌షిప్పు బకాయిలో ఉంటే మేం ఊకోం. కులాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చిన మనిషికి, లిఫ్టు పెట్టిన దిమ్మె కట్టి చేతులు దులుపుకుంటే చాలదు.

అందుకని ఊళ్లలో పనిచేసే కార్యకర్తలకు నా ప్రతిపాదన. వచ్చే ఏప్రిల్ 14న దండ వేసే ముందు ఒక నోటుబుక్కు తెరవండి. ఇంటింటికీ తిరగండి. పది పాసైనవాళ్లెంతమంది? కాలేజీ మధ్యలో ఆపినవాళ్లెంతమంది? ఎందుకాపారు? ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపిందెక్కడ? భూమి ఎంత, అప్పు ఎంత? ఏ ఇంట్లో ఇంకా ఒక్క డిగ్రీ కూడా లేదు? ఆడపిల్లల లెక్క విడిగా రాయండి. ఆ బుక్కు విగ్రహం కాడ పెట్టి అందరి ముందర చదవండి. తర్వాత దాన్నే పట్టుకొని గ్రామసభకు పోదాం, సంక్షేమ శాఖ ఆఫీసు ముందర కూర్చుందాం.

పిల్లగాడు లేచేటప్పుడు మళ్లీ అడిగాడు, "సార్, ఇంతకూ పరీక్షల ఏం రాయాలె?"

"ప్రశ్నల విగ్రహం అంటే 125 రాయి. పీఠంతో కలిపి అంటే 206 రాయి. ఉద్యోగమొచ్చినంక మాత్రం, నీ ముందర ఏ పిల్లవాడు వచ్చి నిలబడ్డా, ముందు వాని కాళ్ల కింద ఏముందో చూడు. తలకాయ తర్వాత చూడొచ్చు."

జై భీమ్!