రంగుల లోకంలో రంగు వివక్ష

2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు అమెరికాలో ఒక పోలీసు మోకాలి కింద ఊపిరాడక మరణించినప్పుడు, అక్కడి బట్టల కంపెనీలు, సౌందర్య సాధనాల కంపెనీలు పోటీలుపడి సంతాపం ప్రకటించాయి. ఇకపై అన్ని జాతులవారికీ తమ సంస్థల్లో సముచిత స్థానం కల్పిస్తామని హామీలు గుప్పించాయి. అయిదేళ్ళు తిరక్కుండానే గాలి మారింది. 2025 జనవరిలో డొనాల్డ్ ట్రంప్ రెండోసారి గద్దెనెక్కగానే ప్రభుత్వ శాఖల్లో ఇటువంటి కార్యక్రమాలను రద్దు చేస్తూ ఉత్తర్వులు జారీ చేశారు. కొద్ది రోజులకే, బట్టలతో సహా సమస్తం అమ్మే టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఈ విషయంలో తాను పెట్టుకున్న లక్ష్యాలకు స్వస్తి చెప్పింది. ఇచ్చినవారు ఇంత సులువుగా వెనక్కి తీసుకోగలిగారంటే, అసలు ఇచ్చిందేమిటి?

ఈ ప్రశ్నకు ఇద్దరు సోమాలీ ముస్లిం స్త్రీల అనుభవాల్లో కొంత సమాధానం దొరుకుతుంది. మొదటి ఆమె ఇమాన్. 1975లో ఆమె న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. ఆమెను తీసుకువచ్చిన ఫోటోగ్రాఫర్ పత్రికలవారికి ఒక కట్టుకథ చెప్పాడు: ఆఫ్రికా అడవుల్లో పశువులు కాసుకుంటున్న పిల్లను తాను కనిపెట్టానన్నాడు. నిజానికి ఆమె తండ్రి దౌత్యవేత్త. ఆమె నైరోబీ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదువుతున్న విద్యార్థిని. అయిదు భాషలు మాట్లాడగలరు. కాని చదువుకున్న సోమాలీ యువతి కన్నా అడవి పిల్లకే గిరాకీ ఎక్కువని ఫోటోగ్రాఫర్‌కు తెలుసు. తొలి రోజుల్లోనే మరో ముచ్చట జరిగింది. ముఖానికి రంగులు వేసే వ్యక్తి పక్కనున్న తెల్ల మోడల్‌ను ఏమీ అడగలేదు. ఇమాన్‌ను మాత్రం ‘నీ ఫౌండేషన్ నువ్వు తెచ్చుకున్నావా?’ అని అడిగాడు. నల్లని మేనికి సరిపడే రంగు ఆ పెట్టెలో లేదు మరి! ఆమె రంగులు తానే కలుపుకోవడం నేర్చుకున్నారు. 1994లో నల్లని, చామనచాయ మేనుల కోసం సొంతంగా సౌందర్య సాధనాల సంస్థనే స్థాపించారు.

ఆమె వచ్చిన 38 ఏళ్ళకు, 2013 సెప్టెంబరులో, ఇమాన్, నవోమీ కాంప్‌బెల్, ఒకప్పటి మోడల్ బెథాన్ హార్డిసన్ కలిసి న్యూయార్క్, లండన్, పారిస్, మిలాన్ ఫ్యాషన్ సంఘాలకు బహిరంగ లేఖలు రాయవలసి వచ్చింది. నల్ల మోడల్‌ను ఒక్కరినైనా పెట్టనివారి, ఒక్కరితో సరిపెట్టినవారి పేర్లు అందులో చదివి చెప్పారు. ఉద్దేశం ఏదైనా ఫలితం జాతి వివక్షే అన్నారు.

రెండో ఆమె హలీమా ఏడెన్. కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాలోని మిన్నెసోటా చేరారు. 2016లో ఆ రాష్ట్ర అందాల పోటీలో హిజాబ్‌తో పాల్గొన్నారు. మరుసటి ఏడాది పెద్ద మోడలింగ్ సంస్థ ఒకటి, హిజాబ్ తీయవలసిన పని లేదన్న షరతుకు ఒప్పుకుని ఆమెతో ఒప్పందం చేసుకుంది. 2018 మే నెలలో బ్రిటిష్ ‘వోగ్’ ముఖచిత్రంపై హిజాబ్‌తో కనిపించిన తొలి మహిళ ఆమే. ముస్లిం ప్రపంచమంతా మురిసిపోయింది.

2020 నవంబరులో ఆమె ఆ వృత్తికి స్వస్తి చెప్పారు. కారణాలు తానే వివరించారు. హిజాబ్ తీయమని ఎవరూ అనలేదు. ఒక్కో ఫోటోకు ఒక్కో అంగుళం చొప్పున అది చిక్కిపోయింది. మెడ కనబడింది. చివరికి ఒక జీన్స్ కంపెనీ ప్రకటనలో తలపై గుడ్డకు బదులు జీన్స్ ప్యాంటు చుట్టారు! నమాజు వేళలు తప్పిపోయాయి. హిజాబ్ అంటే ఏమిటో తెలిసిన ముస్లిం స్త్రీలు బట్టలు కట్టే చోట లేకపోవడమే దీనికి కారణమని ఆమె అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు: బట్టలు మార్చుకునేందుకు తనకు ప్రత్యేకంగా చాటు కల్పించారు గాని, తన వెనుక వచ్చిన హిజాబీ అమ్మాయిలను మరుగుదొడ్డి వెతుక్కోమన్నారట. ఒప్పందంలో ఒకరికి దొరికిన గౌరవం ఆ ఒక్కరితోనే ఆగిపోయింది.

అసలు ర్యాంపుకూ హిజాబ్‌కూ పొత్తెక్కడిదని మన పెద్దలు అడుగుతారు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ప్రదర్శన నుంచి కాపాడేందుకు ఉద్దేశించిన వస్త్రమే ప్రదర్శన వస్తువైతే అందులో వైరుధ్యం లేదా? అయితే ఆ విషయం తేల్చుకోవలసింది ఆ అమ్మాయి, ఆమె మనస్సాక్షి. ఫ్యాషన్ వ్యాపారి కాదు, ఏ ప్రభుత్వమూ కాదు.

ప్రభుత్వం అనగానే ఫ్రాన్స్ గుర్తుకు రాక మానదు. 2016లో పెద్ద కంపెనీలు ముస్లిం స్త్రీలకు బట్టలు తయారు చేయడంపై అక్కడ రభస జరిగింది. స్త్రీల హక్కుల మంత్రిణి లారెన్స్ రోసిన్యోల్ తలపై గుడ్డ వేసుకునేవారిని, బానిసత్వాన్ని సమర్థించిన అమెరికా నల్లవారితో పోల్చారు. అదీ నల్లవారిని కించపరిచే పదంతో. తర్వాత పదానికి విచారించారు, పోలికను మాత్రం వదులుకోలేదు. ఈవ్ సెయింట్ లారెంట్ సంస్థ సహ వ్యవస్థాపకుడు పియరీ బెర్జే కూడా డిజైనర్లు ఇటువంటి బట్టలు కుట్టరాదన్నారు. రంగుపై ద్వేషం, పరదాపై ద్వేషం ఒకే నోట వెలువడటం కాకతాళీయం కాదని మా అభిప్రాయం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రెంచి పరుగుల క్రీడాకారిణి సుంకాంబా సిల్లా తలపై గుడ్డకు బదులు టోపీ పెట్టుకుంటేనే ప్రారంభోత్సవంలో పాల్గొనగలిగారు.

2021లో 18 ఏళ్ళ లోపు బాలికలు బహిరంగ ప్రదేశాల్లో హిజాబ్ ధరించరాదని ఫ్రెంచి సెనేట్ తీర్మానించినప్పుడు (అది చట్టం కాలేదు), నార్వేకు చెందిన సోమాలీ మోడల్ రౌదా మొహమ్మద్ ‘నా హిజాబ్ జోలికి రావద్దు’ అని అరచేతిపై రాసుకున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఏడాదే ఆమె ‘వోగ్ స్కాండినేవియా’ ఫ్యాషన్ సంపాదకురాలయ్యారు. ముఖచిత్రంపై ఎవరుండాలనే నిర్ణయంలో మాట చెల్లే కుర్చీ అది. ముఖచిత్రం సంచికకొకటి మారుతుంది. మాకు ఎక్కువ ఆశ కలిగించింది ఈ కుర్చీయే.

ఇక మన సంగతి. నల్లవాడికీ తెల్లవాడికీ మధ్య దైవభీతి తప్ప మరే ఆధిక్యతా లేదని దైవప్రవక్త (సఅసం) తమ చివరి హజ్‌లో బోధించారని ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. హజ్రత్ బిలాల్ (రజి) పేరు మన పిల్లలకు పెట్టుకుంటాం. 2020 జులైలో హిందుస్తాన్ యూనిలీవర్ కంపెనీ లోకానికి జడిసి ‘ఫెయిర్ అండ్ లవ్లీ’లోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ అని పెట్టింది. మన ఇళ్ళలో రిష్తా మాట్లాడటానికి కూర్చున్నవారు మాత్రం ఆ పాత మాటను వదల్లేదు. పిల్ల ఏం చదివిందనే ప్రశ్న రెండోది. ‘గోరీ హై క్యా?’ అన్నది మొదటిది.