సుషీ ప్లేటుకు జూరాల పరీక్ష

"అన్నా, మా టీమ్ వాళ్లు ఈ శనివారం జపనీస్ రెస్టారెంట్‌కి పోదామంటున్నరు. మాది దేవరకొండ. అది బాగుందో లేదో నాకెట్ల తెలుస్తది?" ఇలాంటి మెసేజ్‌లు నాకు తరచూ వస్తుంటాయి. ఊరి పేరు మారుతుంది. ఒకసారి వనపర్తి, ఒకసారి మిర్యాలగూడ, ఒకసారి నారాయణపేట. ప్రశ్న మాత్రం అదే.

భయం కూడా న్యాయమైనదే. బిర్యానీ అయితే మొదటి ముద్దకే తీర్పు చెప్పేస్తాం. ఎందుకంటే చిన్నప్పటి నుంచి వంద పెళ్లిళ్లలో తిన్నాం, నోట్లో ఒక కొలత ఉంది. సుషీకి ఆ కొలత లేదు. ఎనిమిది ముక్కల ప్లేటుకు పెట్టే డబ్బుతో ఊళ్లో ఇంటిల్లిపాదీ చేపల కూర తినొచ్చు. పైగా అది పచ్చి చేప. తేడా వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఒళ్లు కూడా.

కానీ కొలత లేదన్న మాట సగమే నిజం. నేను పాలమూరు వాణ్ని. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టాక తగిలే మొదటి పెద్ద ప్రాజెక్టు గద్వాల దగ్గరి జూరాల. గేట్లు ఎత్తారంటే చాలు, నీళ్లు చూడ్డానికి వచ్చే జనం ఎంతమందో, అక్కడి చేపల వేపుడు కోసం వచ్చే జనం అంతమంది. అక్కడ చేప కొనేవాళ్లను గమనించండి. మొప్పలు లేపి ఎర్రగా ఉన్నాయా చూస్తారు. కన్ను ఉబ్బి మెరుస్తోందా, గుంటపడి తెల్లబోయిందా చూస్తారు. వేలితో నొక్కి, గుంట మళ్లీ పూడుతుందా చూస్తారు. చివరగా ముక్కు దగ్గర పెట్టుకుంటారు. నీళ్ల వాసన వస్తే సరే, ఘాటుగా నీచు కొడితే పక్క దుకాణమే. అమ్మే అక్కనే అంటుంది, "సూస్కో బిడ్డా, నచ్చితేనే తీస్కో" అని.

ఈ చదువు సుషీకి పనికొస్తుంది. అయితే దానికి రెండు మూడు కొత్త పాఠాలు కలపాలి.

తాజా అంటే పచ్చిగా తినొచ్చని కాదు

అన్నింటికంటే ముఖ్యమైన పాఠం ఇదే. కూరలో అయితే మంట మన కాపలాదారు. పురుగైనా, దాని గుడ్డైనా ఉడికితే చస్తుంది. పచ్చి ముక్కలో ఆ కాపలా లేదు. అప్పుడే పట్టిన చేపలో కూడా కంటికి కనపడని పరాన్నజీవులు ఉండొచ్చు. అందుకే పచ్చిగా వడ్డించే చేపల్లో చాలా రకాలను ముందు గడ్డకట్టించాలని అమెరికా ఆహార శాఖ చెప్తుంది. మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల్లో గట్టిగా గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. మన ఇంటి ఫ్రిజ్ పైఅరకు అంత స్థిరమైన చలి ఉండదు.

కాబట్టి హైదరాబాద్ రెస్టారెంట్‌లో "ఈ సాల్మన్ ఎక్కడిది?" అని అడిగితే, "పొద్దున్నే వచ్చింది సార్, ఫుల్ ఫ్రెష్" అన్న జవాబు వింటే నేను జాగ్రత్త పడతాను. సాల్మన్ మన సముద్రాల చేప కాదు. నార్వే లాంటి చల్లని దేశాల నుంచి రావాలి. "ఇండియన్ సాల్మన్" అని మార్కెట్‌లో అమ్మేది వేరే జాతి. "ఇది దిగుమతి సరుకు, గడ్డకట్టించి తెస్తాం, ఇవాళ పొద్దున కరిగించాం" అని చెప్పిన చోట నమ్మకంగా కూర్చుంటాను. మన దగ్గర ఫ్రోజెన్ అంటే పాచిది అనుకుంటారు గానీ, పచ్చి చేప విషయంలో అదే రక్షణ.

ఇంకో సంగతి. రీల్స్‌లో ఇంట్లో సుషీ చేసే వీడియోలు చూసి, "మనకు చెరువు చేప ఉంది కదా, రవ్వతోనో కొర్రమీనుతోనో చేద్దాం" అనుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. సుషీ దుకాణాల్లో పచ్చిగా వడ్డించేది ప్రధానంగా సముద్రపు చేప. మంచినీటి చేపను పచ్చిగా తింటే ఏమవుతుందో థాయ్‌లాండ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి ఈశాన్య పల్లెల్లో పచ్చి చెరువు చేపతో చేసే కొయ్ ప్లా అనే వంటకం ద్వారా కాలేయంలోకి ఒక రకం పురుగు చేరుతుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉండి పిత్తనాళ క్యాన్సర్‌కు దారితీస్తుంది. మన కొర్రమీను జాతి చేప ద్వారా, సరిగా ఉడకనప్పుడు, చర్మం కింద పాకే ఇంకో పురుగు మనిషికి అంటుతుందని అక్కడి వైద్యులకు బాగా తెలుసు. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. దాన్ని పులుసు పెట్టుకునే గౌరవిద్దాం.

ముందు అన్నం చూడండి

సుషీ అంటే పచ్చి చేప అనుకుంటాం. కాదు. సుషీ అంటే పులుపు కలిపిన అన్నంతో చేసేది. అన్నం లేకుండా ఉత్త పచ్చి చేప ముక్కలు వడ్డిస్తే దాని పేరు సషీమి. పాతకాలంలో చేపను ఉప్పు, అన్నం మధ్య పెట్టి నెలల తరబడి పులియబెట్టేవాళ్లు. ఆ పులుపే ఇప్పుడు వెనిగర్ రూపంలో మిగిలింది.

ఇప్పుడు మన పులిహోర గుర్తు తెచ్చుకోండి. వేడన్నం వెడల్పాటి పళ్లెంలో పరిచి, మెతుకు చితక్కుండా పులుపు కలిపి ఆరబెడతాం కదా? అక్కడా అంతే. వేడన్నంలో వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపి, విసురుతూ చల్లారుస్తారు. కాబట్టి ఈ పరీక్ష మీకు వచ్చినట్టే. మెతుకు మెతుకు తెలియాలి, కానీ ముద్ద విడిపోకూడదు. గోరువెచ్చగా, మన ఒంటి వేడికి దగ్గరగా ఉంటే మేలు. పులుపు సన్నగా తగలాలి. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు గట్టిగా, పలుకుగా ఉందంటే ఎప్పుడో చేసి పెట్టింది. పేస్టులా మెత్తగా ఉందంటే చెయ్యి తిరగని పని. అన్నం మీద శ్రద్ధ లేనివాడికి చేప మీద ఉంటుందని నేననుకోను.

పేరు ఒకటి, సరుకు ఒకటి

మన దగ్గర అపోలో ఫిష్ సంగతి తెలుసు కదా. పేరు ఒకటే, లోపల ఏ చేప వేశారో వండినవాడికే ఎరుక. ముల్లు లేని ముక్క కావాలంటే ఎక్కువగా చవకైన బాసా దొరుకుతుంది. జపనీస్ మెనూలోనూ ఇలాంటివి ఉన్నాయి.

క్రాబ్ స్టిక్ అంటే పీత కాదు. తెల్ల చేప గుజ్జుకు రంగు, రుచి కలిపి చేసిన కడ్డీ. తప్పు లేదు, కానీ పీత ధర వేస్తే తప్పు. పచ్చ రంగు వసాబీ ముద్ద ఎక్కువ చోట్ల హార్స్‌రాడిష్ అనే వేరే దుంపకు రంగు వేసింది. అసలు వసాబీ దుంప చాలా ఖరీదు, అప్పటికప్పుడు తురుముతారు. లేత అల్లం ఊరితే దానంతట అదే లేత గులాబీ రంగులోకి వస్తుంది. మరీ హోలీ రంగులా ఉంటే రంగు కలిపారని అర్థం. ట్యూనా ముక్క చెర్రీ పండులా మరీ మెరిసే ఎరుపులో ఉంటే, రంగు నిలవడానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టించారేమో అడగండి. అలా పట్టించిన చేప పాతబడినా ఎర్రగానే కనపడుతుంది. అంటే ఇక్కడ కన్నును నమ్మలేం, ముక్కునే నమ్మాలి.

సాస్‌ల సంగతి ఇంకోటి. రోల్ మీద ధారలు ధారలుగా మయొనీస్ పోశారంటే కింద ఏదో దాస్తున్నారని నాకు అనుమానం. పైగా పచ్చి గుడ్డుతో చేసే మయొనీస్‌ను మన ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకరు చనిపోయి, చాలామంది ఆస్పత్రి పాలయ్యాక వచ్చిన ఉత్తర్వు అది. "మయొనీస్ ఇక్కడే చేస్తారా, ప్యాకెట్‌దా? గుడ్డు పాశ్చరైజ్ చేసిందేనా?" అని అడగడం మీ హక్కు.

శాకాహారులకు ఒక మాట

కీర దోసకాయ రోల్, అవకాడో రోల్ ఉంటాయి, హాయిగా తినొచ్చు. కానీ మిసో సూప్ చూడ్డానికి పప్పుచారులా అమాయకంగా ఉన్నా, దాని అడుగున ఉండే దాషీ అనే రసం సాధారణంగా ఎండబెట్టిన చేప తురుముతో కాస్తారు. వెజ్ దాషీ ఉందా అని అడిగే తీసుకోండి. టెంపురా కూరగాయలు తెప్పిస్తే, రొయ్యలు వేయించిన నూనెలోనే వేయిస్తారా అని కూడా కనుక్కోండి.

టెంపురాను మన మిర్చి బజ్జీ లెక్కన చూస్తే సరిపోతుంది. పైపొర పలుచగా, లేత రంగులో, కరకరలాడాలి. కింద కాగితం నూనెతో తడిసి ముద్దయిందంటే నూనె సరిగా కాగలేదు. ముదురు రంగు, చేదు వాసన ఉంటే ఆ నూనె ఎన్నోసారి కాగిందో. ఈ నూనె పరీక్ష హైవే మీద చేపల వేపుడు బండికీ వర్తిస్తుంది. కాగి కాగి పాడైన నూనెకు మన దేశంలో 2018 జులై నుంచి ఒక హద్దు ఉంది. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే వాడకూడదు. మన దగ్గర మీటర్ ఉండదు. నల్లబడి, చిక్కబడి, నురుగు ఆగకుండా పొంగుతుంటే పక్కకు జరగండి.

యాప్‌లో పచ్చి చేప వద్దు

మే నెల నల్లగొండ ఎండ మీకు నేను చెప్పాలా? హైదరాబాద్ కూడా పెద్ద తేడా ఏం కాదు. త్వరగా పాడయ్యే తిండి బయట రెండు గంటలకు మించి ఉండకూడదంటారు. 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే ఒక్క గంటే. వంటగదిలో ఆగిన సమయం, ట్రాఫిక్‌లో బైకు సంచిలో గడిచిన సమయం, మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఓటీపీ చెప్పే సమయం అన్నీ కలిపి లెక్కేయండి. డెలివరీ అయితే ఉడికించినవే తెప్పించుకోండి. పచ్చి చేప అక్కడికే వెళ్లి, కౌంటర్ దగ్గర కూర్చుని, కోస్తుండగా తినాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చిది అసలు ముట్టకపోవడమే మంచిది.

రేటింగ్ కంటే ముందు ఇవి

ఫోన్‌లో 4.5 నక్షత్రాలు చూసి మురిసిపోకండి. రివ్యూల్లో సగం లైటింగ్ గురించి, సెల్ఫీ గోడ గురించే ఉంటాయి. అన్నం గురించి, చేప గురించి రాసినవి, అవీ ఈ నెల రెండు నెలల్లో రాసినవి వెతకండి. గోడ మీద గానీ బిల్లు మీద గానీ 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందో లేదో చూడండి. తేడా ఉంటే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మెనూ ఎంత పెద్దదో కూడా గమనించండి. సుషీ, చైనీస్ నూడుల్స్, పనీర్ టిక్కా, పిజ్జా అన్నీ ఒకే వంటగదిలోంచి వస్తుంటే, రోజుకు ఎంతమంది పచ్చి చేప తింటారో, ఆ చేప ఎన్నాళ్లు ఆగుతుందో మీరే ఊహించుకోండి.

వెళ్లగానే పెద్ద ప్లేటు చెప్పకండి. ముందు ఒక కీర రోల్, ఒక తమాగో (తీపి ఆమ్లెట్ లాంటిది) తెప్పించండి. ఈ రెంటిలో పచ్చి చేప లేదు, ఖర్చూ తక్కువ. కానీ అన్నం ఎలా వండారో, చెయ్యి ఎంత శుభ్రంగా, ఒద్దికగా పనిచేస్తుందో రెండూ చెప్పేస్తాయి. నచ్చితే చేపకు వెళ్లండి. నచ్చకపోతే బిల్లు కట్టి లేవండి, పెద్దగా పోయిందేం లేదు.

చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాదని మొహమాటమా? అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చే నిగిరిని జపాన్‌లో కూడా చేత్తో తినడం మర్యాదే. తిరగేసి చేప వైపు మాత్రమే సోయా సాస్‌లో అద్దండి, అన్నం వైపు అద్దితే విడిపోతుంది. చేత్తో ముద్ద పట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు కదా.

ఇక శనివారం పార్టీకి వెళ్లే దేవరకొండ తమ్ముడికి నా జవాబు: వెళ్లు. సాల్మన్ ఎక్కడిది, గడ్డకట్టించి తెచ్చిందేనా అని టీమ్ మొత్తం వినేలా అడుగు. జవాబు నచ్చకపోతే టెంపురా తిని రా. ఎవరైనా నవ్వితే నవ్వనీ, సోమవారం అందరూ ఆఫీసుకు వచ్చారంటే అది నువ్వడిగిన ప్రశ్న వల్లేనేమో.