మన పిల్లల దవడకు ఎవరి కొలత?

గత నెలలో మా మనవరాలికి పళ్ళకు క్లిప్పులు వేయించడానికని హోసూరు నుంచి బెంగళూరు తీసుకెళ్ళాం. పిల్లకు పదకొండేళ్ళు. తలను పక్కనుంచి ఎక్స్‌రే తీసి, కంప్యూటర్‌లో గీతలు గీసి, ఒక కాగితం చేతిలో పెట్టారు. పై పళ్ళు, కింది పళ్ళు రెండూ ముందుకు ఉన్నాయనీ, నాలుగు మంచి పళ్ళు తీసి చోటు చేయాలనీ దాని సారాంశం. జీవితమంతా గుమాస్తాగా ఫైళ్ళు చూసిన అలవాటు కొద్దీ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ‘ఉండవలసిన కొలత’ అనే గడిపైన చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: కాకేషియన్. అంటే తెల్లవారి కొలత. నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగింటి పిల్ల దవడను తెల్లవారి పిల్లల దవడతో పోల్చి, తేడా ఉందన్నారన్నమాట.

ఇప్పుడు మన ఇళ్ళలో చాలామంది పిల్లలకు క్లిప్పులు వేయిస్తున్నారు. అందుకే ఈ సంగతి అందరి ముందూ పెడుతున్నాను.

ఈ ఎక్స్‌రేను సెఫలోగ్రామ్ అంటారు. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ వేర్వేరుగా ఈ పద్ధతిని ప్రకటించారు. తలను కదలకుండా నిలిపి ప్రతిసారీ ఒకే దూరం నుంచి తీస్తారు కాబట్టి ఈ ఏటి బొమ్మను వచ్చే ఏటి బొమ్మతో పోల్చవచ్చు. 1948లో డౌన్స్ అనే వైద్యుడు పలువరుస చక్కగా ఉన్న 20 మంది తెల్లవారి పిల్లలను, 12 నుంచి 17 ఏళ్ళ వారిని కొలిచి సగటులు ఇచ్చాడు. 1953లో స్టైనర్ ఇచ్చిన లెక్కలో పై దవడ కోణం 82 డిగ్రీలు, కింది దవడది 80. ట్వీడ్ లెక్కలో కింది ముందుపన్ను దవడ అంచుకు 90 డిగ్రీల్లో నిలబడాలి. ఈ అంకెలే పాఠ్యపుస్తకాలలోకి, వాటినుంచి కంప్యూటర్లలోకి వచ్చాయి.

మన దేశంలోనూ కొలిచారు. ఉత్తర భారతీయుల కొలతలు 1969లోనే అచ్చయ్యాయి. తర్వాత దక్షిణాదిలోని దంతవైద్య కళాశాలలూ తమ ప్రాంతాల వారిని కొలిచాయి. ఎక్కువ పరిశీలనల్లో తేలింది ఒకటే. తెల్లవారి సగటుకన్నా మనవాళ్ళ ముందుపళ్ళు కాస్త ముందుకు వాలి ఉంటాయి, పెదవులు కాస్త నిండుగా ఉంటాయి. అది జబ్బు కాదు, మన ముఖం తీరు. దాన్ని 90 డిగ్రీలకు లాగాలంటే చోటు కావాలి. చోటు కోసం పళ్ళు తీయాలి.

పిల్లల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడి కొలతల్లో ఎక్కువ భాగం ఎదిగిన యువతీయువకులవి. పిల్లల కొలతలు కావాలంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే ఏటేటా ఎక్స్‌రే తీయాలి. అమెరికాలో ఒకప్పుడు అలా తీశారు. అవసరం లేని ఎక్స్‌రే పిల్లలకు తగదని ఇప్పుడు అలా చేయరు. అందుకే ఆ పాత కొలతలే నేటికీ దిక్కు. పైగా కింది దవడ పెరుగుదల పై దవడ కన్నా ఆలస్యంగా ముగుస్తుంది. పదకొండేళ్ళకు వెనక్కి ఉన్నట్టు కనిపించిన గడ్డం పదహారేళ్ళకు కొంత సర్దుకోవచ్చు.

మొన్న సంఘ సమావేశంలో ఈ మాట చెబితే, ‘అయితే మన తెలుగువాళ్ళకంటూ ఒక కొలత తయారు చేయమని అడుగుదాం’ అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. హోసూరు తెలుగు పిల్ల ఏ గడిలోకి వస్తుంది? ఆంధ్ర గడిలోకా, తమిళ గడిలోకా, కన్నడ గడిలోకా? ఫారాల్లో గడి దొరక్క ‘ఇతరులు’ దగ్గర టిక్కు పెట్టడం మనకు కొత్త కాదు. తలలూ ముక్కులూ కొలిచి మనుషులను గడుల్లో పెట్టడం ఈ నేలకూ కొత్త కాదు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ ఆ కొలతలతో 1909లో ఏడు సంపుటాలే వేశాడు. వాటివల్ల ఎవరి జబ్బూ నయం కాలేదు. ఒకే సమూహంలో ఆరోగ్యంగా ఉన్న ఇద్దరి మధ్య తేడా, రెండు సమూహాల సగటుల మధ్య తేడాను మించి ఉండటం మామూలే.

వైద్యలోకం కూడా ఇప్పుడు ఇదే తర్కించుకుంటోంది. అమెరికాలో 2021లో మూత్రపిండాల పరీక్ష లెక్కలోంచి జాతి అంకెను తీసేశారు. 2023లో ఊపిరితిత్తుల పరీక్షకూ జాతితో పనిలేని లెక్క వాడమని అక్కడి వైద్యుల సంఘం సిఫారసు చేసింది. నల్లవారికి ఊపిరి తక్కువే ఉంటుందని ముందే అనుకుంటే అసలు జబ్బు కనబడకుండా పోతుందన్నది వారి భయం. పరాయి కొలత లేని జబ్బును చూపిస్తే, జాతి పేరుతో సడలించిన కొలత ఉన్న జబ్బును దాచేస్తుంది. రెండూ నష్టమే.

కాబట్టి కొలత ఒక సూచన మాత్రమే. పళ్ళు తీయడం కొందరికి నిజంగా అవసరం కూడా. ఇది చదివి ఎవరూ వైద్యం ఆపవద్దు. డాక్టరుగారిని మాత్రం మర్యాదగా మూడు మాటలు అడగండి. ఈ అంకె ఏ వయసు, ఎవరి పిల్లల సగటు? పిల్ల నమలడానికి, పెదవులు మూయడానికి ఇబ్బంది పడుతోందా, లేక అంకెలో మాత్రమే తేడానా? కొన్నాళ్ళు ఆగితే నష్టమేమిటి? ఎక్స్‌రే కాపీ తప్పక తీసుకుని దాచండి. ఇంకొకరి దగ్గరికి వెళ్ళినప్పుడు మళ్ళీ తీయించే పని తప్పవచ్చు.

మేం అదే ఎక్స్‌రేతో మరో డాక్టరును కలిశాం. ఆమె ముందు పిల్లతో మాట్లాడారు, నవ్వమన్నారు, పక్కనున్న వాళ్ళమ్మ ముఖం చూశారు, ఆ తర్వాతే ఎక్స్‌రే చూశారు. ఏడాది ఆగి చూద్దామన్నారు. అప్పుడు తీయవలసి వస్తే తీయిస్తాం. అంతవరకు ఆ నాలుగు పళ్ళూ పిల్ల నోట్లోనే ఉంటాయి.