తీరిక వేళ: జామెట్రీ పెట్టెపై క్రికెట్ వీరులు

2023 జనవరి 21న రాయపూర్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ వన్డేలో భారత జట్టు న్యూజిలాండ్‌ను 108 పరుగులకే కట్టడి చేసినప్పుడు మాకు మా పాత జామెట్రీ పెట్టె గుర్తుకు వచ్చింది.

1987 ప్రపంచకప్పు రోజులలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలను పిల్లలు పెట్టెల మూతలపై, నోటుపుస్తకాల అట్టలపై అన్నం మెతుకులతో అతికించేవారు. అతికించని బొమ్మకే విలువ ఎక్కువని సేకర్తలు అంటారు. మాకు మాత్రం అతికించినదే అపురూపం. దాని పక్కన ఒక బాలుని పేరు, తరగతి కూడా ఉంటాయి గదా!

బదిలీ ఉత్తర్వు అందగానే మన ఇళ్లలో మొదట పాత సామాన్ల వానికి చేరేవి ఇటువంటి పెట్టెలే. పారవేయడానికి ముందు మూత చూడండి. బొమ్మను ఊడదీయవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు. పొడి కాగితంలో చుట్టి, తేమ తగలని చోట ఉంచండి.

మా పెట్టె ఒక బదిలీలో పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.